ఎర్ర గుండి

ఎవలూ? జర ఎలుగుల నిలవడు బిడ్డా, నా కండ్లు మునుపటి తీరుగ లేవు. ఓ, మన మంజుల బిడ్డవా. భవ్యశ్రీవి గదా. గింత బక్కగైనవేంది, హాస్టల్ల బువ్వ వెడతలేరా? కూసో. గా స్టూలు ఊగుతది, గోడకు ఆనిచ్చి కూసో. ఫోన్ ఖరాబైతె మాత్రం మా కొడుకు లేడు, ఆదిలాబాద్ పోయిండు సామాన్‌కు, మాపటికి గని రాడు. ఫోన్లు నాతోని గాదు. రేడియోలు, టేపులు, గా కాలపు మనిషిని నేను. గిప్పుడు దుకాణంల కూసునుడే నా పని, బోర్డు మీద పేరు నాది, పని వానిది. ఏందీ, ఫోన్ గాదా? మరి గా సంచిలేంది? ఇటియ్యి. క్యాసెట్లు. గివి ఏడ దొరికినయే నీకు? ఇల్లుకు రంగులేస్తుంటె మీ అమ్మమ్మ మంచం కింది పెట్టెల దొరికినయా. ఉంటయ్ ఉంటయ్. శంకరవ్వ వదినె పోయి ఆరేండ్లాయె, ఆమె పెట్టె ఆమె ఉన్నన్ని దినాలు ఎవల్ని ముట్టనియ్యలే. మీ తాత గొంతు ఎట్లుంటదో ఇందామని తెచ్చినవా? మీ అమ్మకు ఎరుకనా? ఎరుక లేదు. ఊఁ. ఏమన్న లొల్లి అయ్యిందా మీ ఇద్దరికి? పదిరోజులాయెనా మాట్లాడుకోక? నర్సింగుల ఎనబై ఏడు తెచ్చుకుని సూపెడితె, మీ అమ్మ, పంతులమ్మ గద, 'గంతేనా' అన్నదా. నవ్వుతలేను బిడ్డా. నవ్వుతలేను. గా మాట నేను శాన ఏండ్ల సంది ఇనలే, గందుకే నవ్వొచ్చింది. గది మీ అమ్మ మాట గాదు. మీ తాతది.

ఆ పెన్సిలియ్యి. గీ చక్రంల వెట్టి జర తిప్పాలె, వదులైతె మిషిన్ మింగుతది దీన్ని. నువ్వు గూడ ఒకటి తిప్పు, మెల్లగ. ఆఁ, మీ తాత. హనుమండ్లన్న మా వాడకట్టోడే, నాకన్న ఎనిమిదేండ్లు పెద్దోడు. సుతారి. ఇచ్చోడల రోడ్డుకు అటు ఇటు పాత ఇండ్లున్నయ్ సూడు, అండ్ల సగం ఆయిన చేతివే. గోడ లేపినంక దారానికి గుండు గట్టి పైకెల్లి ఇడుస్తరు, గోడ సక్కగున్నదా వంకరున్నదా అని. ఆయిన మాట గూడ గట్లనే ఉంటుండె. ఒక్క మాట ఇడిసి ఊకుంటుండె. గది ఊగి ఊగి ఆగేదాంక సూస్తుండె. నువ్వు సక్కగున్నవా వంకరున్నవా నీకే తెలుస్తుండె. తిట్టేటోడు మాత్రం గాదు, గది ముందుగాల చెప్పాలె. మా బాపు నోరు తెరిస్తె మూడిండ్ల కుక్కలు లేస్తుండె. హనుమండ్లన్న నోట్లెకెల్లి ఒక్క కూత రాలే, ఒర్రుడు లేదు, చెయ్యి లేపుడు లేదు. గని మా బాపు తిట్లు నేను గడప దాటంగనే మర్సిపోతుంటి. హనుమండ్లన్న మాట ఒక్కటి తాకిందంటె మూడొద్దులు లోపట తిరుగుతనే ఉంటుండె. నన్నొకపారి గట్లనే అన్నడు. కొత్తగ దుకాణం వెట్టిన, ఆయిన రేడియో బాగు చేసిచ్చిన. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, 'కొమురెల్లీ, మంచిగ పాడుతుంది. మల్ల గీ మిగిలిన ఇస్క్రూ ఎవల ఇంటిది?' అన్నడు. బల్ల మీద ఒక ఇస్క్రూ మిగిలింది. నేను సూడనే లేదు, ఆయిన సూసిండు. గప్పటి సంది ఏ మిషిన్ ఇప్పినా ఇస్క్రూలు తువ్వాల మీద వరుసగ వెడత నేను. ఇప్పటికి గూడ.

మీ అమ్మ ఒక్కతే బిడ్డ. లేక లేక పుట్టింది. బాసరల అచ్చరాలు దిద్దిపియ్యవోయినం, నేను గూడ పోయిన, గోదారి ఇసుకల నా చెప్పు తెగింది, గందుకు యాదున్నది. పంతులు పోరి చెయ్యి వట్టి బియ్యంల రాపిచ్చిండు. ఐపోయింది లేవుండ్రి అన్నడు. ఎనుక గుడి బయటిదాంక లైను. హనుమండ్లన్న లేవలే. 'అయ్యగారూ, గది మీరు రాసిండ్రు. ఒకపారి పోరిని రాయనియ్యుండ్రి' అన్నడు. మెల్లగనే అన్నడు. పంతులు నెత్తి గోక్కుని, ఇగ రాయుమన్నడు. ఐదేండ్ల పోరి, గా బియ్యంల వేలు వెట్టి ఏదో గీకింది, గుండ్రంగ, పిడక లెక్క. హనుమండ్లన్న గా పిడక దిక్కు సూసి, 'మల్ల' అన్నడు. మల్ల గీకింది. లైన్ల జనం గులుగుతుండ్రు, ఆయినకు ఫికరే లేదు. మూడోపారికి గని లేవలే. ఇంకోపారి, మూడో తరగతిల ఉన్నప్పుడు, లెక్కల తొంభై రెండు వచ్చినయని ఉరుక్కుంట వచ్చింది మీ అమ్మ. 'మంచిది. కడమ ఎనిమిది ఎవలికి పంచి వచ్చినవ్?' అన్నడు. పోరి బీరిపోయి, 'ఎవలికియ్యలే బాపూ' అన్నది. 'ఇయ్యకపోతె ఏడున్నయ్? ఎతుకు.' గంతె, ఆయిన పనికి పోయిండు. గా పోరి సంచిల పుస్తకాలన్ని బయట పారవోసి, మాపటిదాంక ఎతికింది బిడ్డా. సంచి తిరగేసి దులిపింది. శంకరవ్వ వదినె నవ్వాల్నా ఏడువాల్నా తెలువక తలుపు కాడ నిలవడ్డది. నేను నవ్విన. గప్పుడు నవ్విన.

ఎనబై నాలుగుల మస్కట్ పోయిండు. మస్కట్ పోయినా షార్జా పోయినా మా దిక్కు దుబాయ్ పోయిండనే అంటరు. ఉన్న రెండెకరాల పత్తి రెండేండ్లు వరుసగ పురుగు తిన్నది, ఇగ పోయిండు. మీ తాతకు అంకెలొచ్చు, సంతకం వచ్చు, కడమ అచ్చరాలు రావు. సుతారికి అంకెలొస్తె చాలు. ఉత్తరాలు వేరేటోళ్లతోని రాపిస్తె వాళ్ల మాట కలుస్తది, నా మాట నాకే గుర్తు వట్టరాదు అంటుండె. గందుకు టేపులు. గప్పట్ల మా దిక్కు శాన ఇండ్లల్ల గదే పద్ధతి. ఆడికెల్లి ఎవలన్న ఇంటికొస్తె వాళ్ల చేత మాట్లాడిన క్యాసెట్ పంపుతరు. వాళ్లు మల్ల పోయేటప్పుడు మనం గదే క్యాసెట్ మీద జవాబు మాట్లాడి పంపుతం. మిషిన్ గూడ ఆయిననే పంపిండు, ఎవలి చేతనో, రెండు స్పీకర్లది. శంకరవ్వ వదినె గుండిలు ముట్టకపోతుండె, కరెంటు గొడతదని భయం. గుండి ఒత్తుడు నా పని. టేపు వచ్చిందంటె కబురు చేస్తరు, నేను దుకాణానికి తడక పెట్టి పోతుంటి.

ఎట్లుంటుండె చెప్తె నువ్వు నమ్మవు. పీట మీద తువ్వాల పరిచి మిషిన్ వెడుతుండె. మీ అమ్మ తల దువ్వుకుని, చేతులు కట్టుకుని, దాని ముంగట నిలవడుతుండె. కూసునేది గాదు. బాపు ముంగట కూసుంటమా అంటుండె. గుండి ఒత్తంగనే మొట్టమొదటి మాట నాకే. 'కొమురెల్లీ, సప్పుడు జర పెంచు.' ప్రతిపారి. మస్కట్ల కూసుని, ఈడ నేను సప్పుడు తక్కువ వెట్టిన్నని ఎట్ల ఎరుకో ఏమో, నిజంగనే తక్కువుంటుండె. పెంచుతుంటి. మల్ల, 'శంకరవ్వా, ఏడువకు. నువ్వేడిస్తె పోరి చెప్పేది నాకినబడది.' అప్పటికే ఏడుస్తుంటుండె వదినె, ముక్కు ఎగవీల్సుకుని ఊకుంటుండె. మల్ల, 'మంజులా.' జర ఆగుతుండె. మీ అమ్మ, 'ఆఁ బాపూ' అంటుండె. 'లెక్కల ఎన్నొచ్చినయ్?' ఆగుతుండె మల్ల. నిజంగ ముంగట ఉన్నట్టు, జవాబుకు జాగ ఇడుస్తుండె. టేపు ఉత్తగ తిరుగుతుండె. మీ అమ్మ చెప్తుండె, 'ఎనబై తొమ్మిది బాపూ.' గప్పుడు మిషిన్లకెల్లి, 'గంతేనా?' సరిగ్గ తాకుతుండె. ఈమె ఎంత చెప్పినా సరే, తరువాతి మాట గదే గదా, ఎప్పుడో రికాడైంది. గని గా పోరికి ఎట్ల తెలుస్తది. తెలిసినా, మనసు ఒప్పుకుంటదా?

ఏడో తరగతిల నూటికి నూరు వచ్చినయ్. ఊరంత చెప్పింది. టేపు వచ్చిన దినం కొత్త లంగ కట్టుకుని నిలవడ్డది. వాడకట్టు ఆడోళ్లు గూడ వచ్చిండ్రు ఇనడానికి. 'లెక్కల ఎన్నొచ్చినయ్?' అన్నడు. 'నూరు బాపూ' అన్నది, గట్టిగ, బయటికినబడేటట్టు. మిషిన్ ఆగింది, ఆగింది, 'గంతేనా?' అన్నది. అందరం పక్కున నవ్వినం. ఎవలో ఆడామె, 'ఇగ నూటొక్కటి తేవాలె పోరి' అన్నది. మీ అమ్మ నవ్వలే. మిషిన్ దిక్కే సూసుకుంట నిలవడ్డది, చేతులు కట్టుకునే ఉన్నది. తరువాత ఎనుకింట్లకు పోయింది. గా దినం సంది మీ అమ్మ నవ్వుడు జర తక్కువాయె. నాకు గట్ల అనిపిస్తది. మొక్కప్పుడు వంగింది గట్లనే ఉంటది మరి.

ఇగ ఇను, నువ్వు గింత దూరం వచ్చినవు, అబద్ధం చెప్పద్దు. గీ క్యాసెట్లల్ల మీ తాత గొంతు ఉండది బిడ్డా. ఎందుకంటె, ప్రతి టేపు ఆఖరుకు ఆయిన ఒక మాట చెప్తుండె. 'గీ టేపు మీదనే మాట్లాడి పంపుండ్రి. కొత్తది కొనకుండ్రి. దుబారా నాకు నచ్చది.' గట్లనే చేసినం. ఆయిన మాట మీద మా మాట ఎక్కిచ్చి పంపినం. నేనే. గీ వేలుతోనే ఎర్ర గుండి ఒత్తిన. ఎర్రది ఒత్తితె పాతది చెరిగి కొత్తది ఎక్కుతది. మస్కట్‌కెల్లి వచ్చిన ఆయిన సామాన్ పెట్టెల ఉన్నయ్ అంటె గివి ఇంటికాడికెల్లి పోయినయ్, మీ అమ్మ మాట్లాడినయ్. మాకు దుబారా వద్దని చెప్పి, ఆయిన మాత్రం ఒక్కటి గూడ చెరపలే. దాసుకున్నడు. ప్రతిపారి కొత్తది కొని దాని మీద మాట్లాడి పంపిండు. మీ అమ్మ ఒకపారి క్యాసెట్ మూలకు గోర్ల రంగు బొట్టు వెట్టింది, మల్ల వచ్చినదానికి బొట్టు లేదు. అరిగిపోయిందనుకున్నం. టేపుల మనిషిని, నాకన్న తెలువద్దా? తెలువలే. సూడు, తెల్ల పట్టీ అతికిచ్చి అంకెలు రాసిండు. ఎనబై తొమ్మిది. డెబ్బై ఆరు, గది జొరమొచ్చిన ఏడాది. తొంభై నాలుగు. గీ అంకెలన్ని నేను గూడ ఇప్పుడే సూస్తున్న. గిదేంది, నూరు. సుట్టు గీత గీసిండు సూడు. రెండుసార్లు గీసిండు. పెన్ను గట్టిగ ఒత్తి గీసిండు, పట్టీ చినిగింది.

ఊఁ. తిప్పు, తిప్పు, ఆపకు. ఆఖరిదా? ఆఖరి టేపు సంగతి ఇప్పుడెందుకు తియ్యి. చాయ తాగుతవా? ఎదురుంగ హోటల్ల అల్లం మంచిగేస్తడు. వద్దా? మీ అమ్మ ఏమన్న చెప్పిందా ఆఖరి టేపు గురించి? ఏమన్నవ్? మల్లోపారి చెప్పు. నువ్వు మీ అమ్మతోని ఏమన్నవ్, నాతోని ఇగ మాట్లాడకు అన్నవా. గదానికి ఆమె ఏమన్నది? 'నేను గూడ మా బాపును రాకు అన్న. ఆయిన గది ఇనే సచ్చిపోయిండు. జర సూసి మాట్లాడు.' గట్లన్నదా మంజుల? గా మాటనే అన్నదా, ఇనే సచ్చిపోయిండని? ఆగు బిడ్డా. గా నీళ్ల సీస ఇటియ్యి. ముప్పయ్యైదేండ్లు. గది లోపట వెట్టుకుని ముప్పయ్యైదేండ్లు తిరుగుతుందా గా పిల్ల. నేను మర్సిపోయిందనుకున్న. చిన్నప్పటి కోపమాయె, ఏడ యాదుంటదనుకున్న.

ఇగ నేను చెప్పాలె. ఎవలికి చెప్పలే ఇది. మా ఇంటామెకు గూడ చెప్పలే. మీ అమ్మ పదో తరగతి. హనుమండ్లన్న నడుమ ఒక్కపారి వచ్చి పోయిండు, మల్ల నాలుగేండ్లు రాలే. పదో తరగతి పరీచ్చలకు వస్తా అన్నడు. పోరి గోడకు సున్నంతోని దినాలు గీసుకుంటుండె. టేపు వచ్చింది. ఎప్పటి తీరుగనే, సప్పుడు పెంచు, ఏడువకు, ఎన్నొచ్చినయ్, గంతేనా. తరువాత, 'మంజులా, నేను ఇప్పుడు రాను. ఇంకో ఏడాది ఉండుమంటుండ్రు. నేనచ్చి ఏం జేస్త, పరీచ్చ నేను రాస్తనా? నువ్వు రాయాలె' అన్నడు. గంతె, మీ అమ్మ బయటికి ఉరికింది. ఎనుకనే వదినె లబలబ మొత్తుకుంట పోయింది. నేను మిషిన్ ఆపిన. ఒక్కన్నే ఇని ఏం జెయ్యాలె, కడమది ఎవలం ఇనలే. నాలుగొద్దులకు జవాబు మాట్లాడాలె. లక్ష్మణ్ అని గుడిహత్నూర్ దిక్కు పిలగాడు, మీ తాత రూములనే ఉంటుండె, గాయిన పోతుండు. వదినె ముందుగాలనే నన్ను బయటికి పిలిసి, 'మరిదీ, పోరి మొకం మంచిగ లేదు, ఏదో అంటనంటుంది' అన్నది. నేనొక ఉపాయం చేసిన. ఎర్ర గుండి ఒత్తలే. పక్కనున్న ఇనే గుండి ఒక్కటే ఒత్తిన, సప్పుడు పూర్తిగ తగ్గిచ్చిన. చక్రాలు తిరుగుతయ్, సూసెటోళ్లకు రికాడైతున్నట్టే ఉంటది. పోరి కడుపుల ఉన్నదంత కక్కనీ, రేపు నిమ్మళంగ మల్ల మాట్లాడిపిస్త, గప్పుడు ఎర్రది ఒత్తుత అనుకున్న. మంచికే చేసిన్ననుకున్న బిడ్డా.

నిలవడ్డది. చేతులు కట్టుకోలే గా దినం. 'బాపూ, లెక్కల తొంభై ఎనిమిది. ఇగ గంతేనా అను. నువ్వు రాకు. ఎన్నడూ రాకు. మాకు టేపు చాలు. నువ్వు వస్తె గూడ గీ మాటనే అంటవ్, మిషిన్ అంటది గదా గది.' ఒర్రలే, ఏడువలే. ఒక్కొక్క మాట ఇడిసి, ఆగి, ఆయిన తీరుగనే మాట్లాడింది. నేను మిషిన్ ఆపిన. ఇంటివోయి పన్న. తెల్లారి నిర్మల్ల సామాన్ పని ఉండి పోయిన, మాపటికొచ్చి మాట్లాడిపియ్యాలె అనుకున్న. గా పొద్దుగాలనే లక్ష్మణ్ వచ్చిండట, బొంబాయిల విమానం ఒక దినం ముందుకైంది, బండి నిలవెట్టి ఉన్నది జల్దియ్యుండ్రి అని. వదినె క్యాసెట్ తీసి ఇచ్చేసింది. ఆమెకేం తెలుసు. నేను వచ్చేసరికి పోయింది. అంటె ఏమైంది, ఆయిన మాటలు ఆయినకే పోయినయ్. మీ అమ్మ మాట ఒక్కటి గూడ అండ్ల లేదు. ఆయిన రూముల అందర్ని కూసోవెట్టి మిషిన్ ఏసి ఉంటడు. 'కొమురెల్లీ, సప్పుడు జర పెంచు' అని ఆయిన గొంతే ఆయినకు ఇనబడి ఉంటది. నెల పదిరోజులకు కబురొచ్చింది. పొద్దుగాల డ్యూటీకి లేపబోతె లేవలేదట. గుండె. నలబై మూడేండ్లు. ఆయిన శవం పెట్టె వచ్చేసరికి ఇంకో నెల. పరీచ్చలు నడుస్తుండె. పొద్దుగాల మట్టి చేసి వచ్చి, మాపటిదాంక పుస్తకం ముంగట వెట్టుకుని కూసున్నది మీ అమ్మ. తెల్లారి లెక్కల పరీచ్చ రాసింది. ఎన్నొచ్చినయని ఎవలం అడుగలే.

చెప్తనుకున్న. శాన సార్లు మీ ఇంటిదాంక పోయిన. ఏమని చెప్పాలె? సచ్చేటోనికి ఉత్త టేపు పంపిన్నని చెప్పాలెనా? బిడ్డ మాట కోసం ఎదురుసూసెటోనికి ఆయిన మాటే మల్ల పంపిన్నని? నా తప్పు నాకు కనబడ్డది గని, గా పిల్ల తప్పు లేని తప్పు మోస్తుందని నాకు తట్టలే. ఏడాదయినంక వదినె పిలిసి, పెట్టెలకెల్లి ఒకటి తీసి ఏపిచ్చింది. మీ అమ్మ చిన్నప్పటి గొంతు, 'బాపూ, మన బర్రె ఈనింది' అని. వదినె ఆపుమన్నది. 'అన్నిట్ల గీ పోరే ఉంటది. ఆయిన లేడు ఇండ్ల' అని పెట్టె మూసింది. ఒక్కదాంట్ల ఉన్నడని నాకెరుక. నా నోరు లేవలే. గా దినం నోరు లేస్తె మీ అమ్మ వేరే మనిషి అవుతుండెనేమో. ఏమో. గంత పెద్ద మాటలు నాకు రావు.

తియ్యి, అన్ని బల్ల మీద వరుసగ వెట్టు. తువ్వాల మీద వెట్టు. పదకొండు. అంకె లేనిది ఏదన్న ఉన్నదా సూడు, నీ కండ్లు మంచివి. ఏదీ. పట్టీ అతికిచ్చిండు, అంకె రాయలే. ఏం రాస్తడు, మనం చెప్తె గద. గిదే బిడ్డా. పెన్సిలియ్యి. వద్దు, నువ్వే తిప్పు. చాలు. గా మూలకు గుడ్డ కప్పి ఉన్నది సూడు మిషిన్, గిటు జరుపు. బెల్టు మొన్ననే ఏసిన. ఫోన్ తియ్యి. మీ అమ్మకు చెయ్యి. స్కూల్ల ఉంటె ఉండనీ, పిల్లలు ఎక్కాలు చదువుకుంటరు. పదిరోజుల లొల్లి తరువాత వెట్టుకుందురు, చెయ్యి. మోగుతుందా, నాకియ్యి. మంజులా, నేను, కొమురెల్లి కాకను. ఏం గాలే, నీ బిడ్డ ఈన్నే ఉన్నది, మంచిగనే ఉన్నది. నువ్వు జర మాట్లాడకు, ఇను. నువ్వు నీ బాపును రాకు అన్నవ్ సూడు, గా మాట పోలే బిడ్డా. నేను ఎర్ర గుండి ఒత్తలే. ఆయిన గది ఇనలే. ఇనకుంటనే పోయిండు. నన్నేమన్న తిడితె తరువాత తిట్టు. ఇప్పుడు ఇను, ఏస్తున్న.

ఇగో. తిరుగుతుంది. కరకర అంటది, ఆగు. ఇన్నవా? ఇన్నవా భవ్యా, 'కొమురెల్లీ, సప్పుడు జర పెంచు.' పెంచుతున్ననన్నా. పెంచిన. ఫోన్ దగ్గరికి వట్టు, గీ స్పీకర్ దిక్కు. ఆఁ, వదినెను ఏడువద్దంటుండు. ఎన్నొచ్చినయంటుండు. గంతేనా అంటడు సూడు ఇప్పుడు. అన్నడు. గిదే, రాను అంటుండు. ఈడిదాంకనే ఇన్నం మేము. ఇగ దీని తరువాత ఏమున్నదో నాకు గూడ ఎరుక లేదు. దగ్గుతుండు. 'మంజులా.' ఊఁ. 'కోపమొచ్చిందా?'

ఆగిండు. జాగ ఇడిసిండు. గింతసేపు ఆగుతుండెనా గీయిన? మేమందరం గంతేనా ఒక్కటే యాదుంచుకున్నం. టేపు తిరుగుతుంది, ఇంక ఆగే ఉన్నడు. గిలాసో ఏదో కింద వెట్టినట్టు సప్పుడైంది. మంజులా. ఇంటున్నవా బిడ్డా. అడుగుతుండు గదా. చెప్పు.